గడ్డ మొక్కల ప్రశ్నలు: ఒక్కటి పది కావాలంటే ఎక్కడ కోయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గడ్డ మొక్కల గురించే ఉన్నాయి, అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే సంచికకు వాయిదా వేసి చోటంతా వీటికే ఇచ్చేశాను. అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒకటే, ఉన్న ఒక్క గడ్డని పది ఎలా చేసుకోవాలి అని. జవాబుల్లోకి వెళ్ళే ముందు ఒక మాట చెప్పాలి. మనం అన్నిటినీ కలిపి గడ్డ అనో దుంప అనో బల్బ్ అనో అనేస్తాం గానీ అవన్నీ ఒకే జాతి వస్తువులు కావు. లిల్లీ, హిప్పియాస్ట్రమ్ (నర్సరీల్లో అమరిల్లిస్ అని అమ్ముతారు), ట్యులిప్, హయసింత్ పొరలు పొరలుగా ఉండే అసలు బల్బులు. ఆ పొరలు నిజానికి ఆకులే, ఆహారం నింపుకుని లావెక్కిన ఆకులు. గ్లాడియోలస్‌ని కోసి చూడండి, పొరలుండవు, లోపలంతా ఒకే ముద్ద, అది లావెక్కిన కాండం. డాలియాది ఊరిన వేరు. మెట్టతామరది నేలలో అడ్డంగా పాకే కొమ్ము. కత్తి పట్టుకునే ముందు మీ చేతిలో ఉన్నది వీటిలో ఏదో చూసుకోండి, ఎందుకంటే కొత్త మొలక పుట్టే చోటు ఒక్కో దానిలో ఒక్కో దగ్గర ఉంటుంది, ఆ చోటు లేని ముక్కని ఎంత ప్రేమగా నాటినా కుళ్ళిపోతుంది తప్ప మొక్క రాదు.

ప్రశ్న: మేడమ్, మా ఇంట్లో ఎర్ర హిప్పియాస్ట్రమ్ ఒకటుంది. అయిదేళ్ళుగా అదే కుండీలో ఏటా రెండు కాడలు వేసి పూస్తోంది, గడ్డ ఇప్పుడు నా పిడికిలి కంటే పెద్దది. కానీ ఇంతవరకూ ఒక్క పిలక పెట్టలేదు. మా చెల్లెళ్ళిద్దరూ తలా ఒకటి ఇవ్వమని అడుగుతున్నారు. గడ్డని కోసి నాటొచ్చని ఎవరో చెప్పారు, నాకు ధైర్యం చాలడం లేదు.

జవాబు: ముందు పిలకల సంగతి. హిప్పియాస్ట్రమ్‌లో కొన్ని రకాలు అడగకుండానే చుట్టూ పిల్లల్ని పెట్టుకుంటూ పోతాయి, కొన్ని, ముఖ్యంగా పెద్ద పూల హైబ్రిడ్లు, ఏళ్ళ తరబడి ఒంటరిగానే లావెక్కుతాయి. మీది రెండో రకం అనిపిస్తోంది. మొక్క బాగానే ఉంది కాబట్టి మీ పెంపకంలో తప్పు వెతుక్కోకండి. ఇలాంటి గడ్డకి కోతే మార్గం, భయపడాల్సినంత పని కూడా కాదు, అయితే ఒక్క విషయం ముందే ఒప్పుకోవాలి: కోశాక తల్లి ఉండదు, ఆ గడ్డ పువ్వులు మళ్ళీ చూడటానికి మూడేళ్ళ దాకా పట్టొచ్చు. మీ దగ్గర ఉన్నది అదొక్కటే అయితే, అదీ మనసుకి దగ్గరైనదైతే, ఈ ఏడాది దాని పూల నుంచి విత్తనం తీసుకోండి (చివరి జవాబులో రాశాను), లేదా అదే రకం ఇంకో గడ్డ దొరికాక ఆ రెండోదాన్ని కోయండి.

కోయాలనే అనుకుంటే ఆకులు ఎండిపోయి గడ్డ నిద్రలో ఉన్నప్పుడు చేయండి. గడ్డని మట్టిలోంచి తీసి, పైన ఎండిన గోధుమరంగు పొర ఒలిచేసి, వేళ్ళని అడుగు దాకా కత్తిరించి, మెడ కూడా కొంచెం కోసేయండి. ఇప్పుడు తలకిందులుగా తిప్పితే వేళ్ళు పుట్టిన గట్టి గుండ్రటి బిళ్ళ కనిపిస్తుంది. మొత్తం కథంతా ఆ అడుగు బిళ్ళలోనే ఉంది. ఆ బిళ్ళ మధ్య నుంచి నిలువుగా రెండు చెక్కలు, వాటిని నాలుగు, నాలుగుని ఎనిమిది చేయండి, ప్రతి ముక్కకీ బిళ్ళలో కొంత భాగం అంటుకుని ఉండాలి. మీ గడ్డ అంత పెద్దదైతే పదహారు కూడా చేయొచ్చు గానీ మొదటిసారి ఎనిమిదితో ఆగండి, పెద్ద ముక్కలో ఆహారం ఎక్కువ ఉంటుంది, చిన్న పొరపాట్లని తట్టుకుంటుంది. కత్తి పదునుగా ఉండాలి, మొదలుపెట్టే ముందు స్పిరిట్‌తో తుడవాలి, ఒక గడ్డ నుంచి ఇంకో గడ్డకి వెళ్తుంటే మళ్ళీ తుడవాలి. ముక్కల్ని శిలీంధ్రనాశిని కలిపిన నీళ్ళలో, డబ్బా మీద రాసిన మోతాదులోనే, ముంచి తీసి, ఒక రాత్రంతా నీడలో ఆరనివ్వండి.

తర్వాత ఒక పాలిథిన్ కవర్లో చెమ్మ చేసిన వర్మిక్యులైట్ (చెమ్మ పట్టి ఉంచే తేలికైన ఖనిజం పలుకులు) గానీ కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) గానీ వేసి, ముక్కల్ని అందులో కలిపి, కొంచెం గాలి ఉండేలా మూతి కట్టి, చీకటిగా, సుమారు 20 నుంచి 25 డిగ్రీల వేడి ఉండే చోట పెట్టాలి. చెమ్మ అన్నాను, తడి అనలేదు. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా కారకూడదు. నేను మొదటిసారి చేసినప్పుడు కోకోపీట్‌ని నానబెట్టి అలాగే వేసేశాను, పది రోజుల్లో ఎనిమిదికి ఎనిమిది ముక్కలూ కుళ్ళి నీరయిపోయాయి, అది నాకు చాలా ఇష్టమైన తెల్ల రకం, ఆ కవరు విప్పినప్పటి బాధ ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ ఒక్క విషయం దగ్గర ఇంత సేపు ఆగాను. వారానికోసారి కవరు తెరిచి చూసి మెత్తబడ్డ ముక్కని తీసి పారేయండి, పక్కవాటికి అంటకుండా. సుమారు పన్నెండు వారాలకి, పొరలు బిళ్ళని కలిసే చోట, పొరకీ పొరకీ మధ్య తెల్లటి బుడిపెలు కనిపిస్తాయి. అవే పిల్ల గడ్డలు. అప్పుడు పాత పొరల్ని పీకేయకుండా ముక్కని ఉన్నపళంగా, బిళ్ళ కిందికి వచ్చేలా, నీరు నిలవని మట్టి కుండీలో నాటేయండి. ఆ పాత పొరలు తమలో ఉన్నదంతా పిల్లకి ఇచ్చి వాటంతటవే ఎండిపోతాయి.

మీ చెల్లెళ్ళకి కొంచెం ఓపిక పట్టమని చెప్పండి. ఇచ్చేటప్పుడు గడ్డ మెడ మట్టి పైకి కనబడేలా నాటమని కూడా చెప్పండి, మూడో వంతు బయటే ఉండాలి, పూర్తిగా పూడిస్తే మెడలో నీళ్ళు నిలిచి కుళ్ళు మొదలవుతుంది.

ప్రశ్న: రజనీగంధ గడ్డలు నాటిన మొదటి ఏడాది వాసనతో ఇల్లంతా నిండిపోయింది. రెండో ఏడాది ఒకటి రెండు కాడలు. ఈ ఏడాది గడ్డిలా ఆకులే ఆకులు, ఒక్క మొగ్గ లేదు. ఎరువు కూడా బాగానే వేస్తున్నాను. ఏం తక్కువైంది?

జవాబు: తక్కువ కాలేదండీ, ఎక్కువయ్యాయి. రజనీగంధలో, కొందరు నేల సంపెంగ అని, కొందరు లిల్లీ అని కూడా అంటారు, ఒకసారి పూసిన గడ్డ మళ్ళీ పూయదు. పూసి, చుట్టూ పిల్లల్ని పెట్టి, దాని పని అయిపోతుంది. ఆ పిల్లల్లో తగినంత లావెక్కినవే మరుసటి ఏడాది పూస్తాయి. మీ కుండీలో ఇప్పుడు ముసలి గడ్డలు, వాటి చుట్టూ పదుల కొద్దీ సన్న పిల్లలు, అన్నీ ఒకే పిడికెడు మట్టి కోసం పెనుగులాడుతున్నాయి, ఏ ఒక్కటీ పూత సైజుకి చేరడం లేదు. నత్రజని ఎరువు ఇంకా వేస్తే ఆకులు ఇంకా వస్తాయి, అంతే.

ఆకులు పసుపెక్కే దాకా ఆగండి. నీళ్ళు ఆపేసి, మట్టి ఆరాక గుత్తి మొత్తం పెకలించి, చేత్తో విడదీయండి, కత్తితో పని లేదు. మధ్యలో పూత కాడ ఎండిన గుర్తున్నవి తల్లులు, వాటిని పక్కన పెట్టేయండి. మిగతావాటిని సైజు ప్రకారం రెండు కుప్పలు చేయండి. అడ్డం రెండు సెంటీమీటర్లు, అంటే మీ బొటనవేలంత లావు ఉన్నవి ఈసారే పూస్తాయి. అంతకంటే సన్నవాటిని వేరే తొట్టెలో దగ్గరదగ్గరగా నాటి ఒక ఏడాది మేపండి. పెద్దవాటిని మాత్రం జానెడు ఎడంతో, కొన పైకి ఉండేలా, నిండుగా ఎండ పడే చోట నాటండి. ఇలా రెండు మూడేళ్ళకోసారి చేస్తుంటే మీ ఇంట్లో వాసన ఎప్పటికీ ఆగదు. ఇంకో ముచ్చట, దీన్ని చాలాకాలం పాలియాంథెస్ అనే పేరుతో పిలిచారు, ఇప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు అగేవ్ ప్రజాతిలోకి మార్చి అగేవ్ అమికా అంటున్నారు, పుట్టిల్లు మెక్సికో. ఆ ముళ్ళ కలబంద లాంటి అగేవ్‌లో కూడా చాలావాటికి పూసిన గుబురు చచ్చిపోయి పిలకలు మిగలడం అలవాటే, ఆ చుట్టరికం తలుచుకుంటే దీని స్వభావం ఇక మరిచిపోరు.

ప్రశ్న: అక్కా, లిల్లీ గడ్డ రేకులు విడదీసి చెమ్మ కోకోపీట్‌లో కవర్లో పెట్టాను. మూడు వారాలైంది. కొన్ని రేకుల మీద తెల్ల బూజు, రెండు మెత్తబడి వాసన వస్తున్నాయి. మిగతావి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అన్నీ పారేయనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: పారేయొద్దమ్మా. మెత్తబడిన రెండింటినీ ఇప్పుడే తీసేయి. బూజు పైపైనే ఉండి రేకు కింద గట్టిగా తగులుతుంటే, మెల్లగా కడిగి, తుడిచి, శిలీంధ్రనాశిని పొడి అద్ది, కొత్త కోకోపీట్‌లో పెట్టు, పాతది మళ్ళీ వాడకు. మూడు వారాలకి ఏమీ కనిపించకపోవడం మామూలే. ఆరు నుంచి పది వారాల మధ్య రేకు కింది అంచున, విరిచిన చోట, పూసల్లా చిన్న చిన్న గడ్డలు పుడతాయి. అసలు లిల్లీ (రజనీగంధ కాదు) ఈ విషయంలో చాలా ఉదారమైన మొక్క, హిప్పియాస్ట్రమ్ ముక్కకి అడుగు బిళ్ళ తప్పనిసరి గానీ లిల్లీ రేకు ఒక్కటే ఉన్నా దాని మొదట్లోంచి గడ్డ తెచ్చుకోగలదు. అయినా విరిచేటప్పుడు వీలైనంత అడుక్కి విరవడం మంచిది.

నువ్వు రాయలేదు గానీ, ఇంకోసారి చేసేటప్పుడు మొత్తం గడ్డ విప్పేయకు. బయటి రేకులు ఒక వరస, మహా అయితే రెండు వరసలు తీసి, మధ్య భాగాన్ని మళ్ళీ నాటేస్తే అది ఆ ఏడాదే పూయొచ్చు.

పిల్లలు పుట్టాక చాలామంది ఒక దగ్గర ఆగిపోతారు. ఆసియాటిక్, ఓరియంటల్ లిల్లీల్లో చాలావాటికి ఆకు వేయాలంటే ముందు ఒక చలికాలం గడవాలి. చలి లేని చోట మనమే ఆ చలికాలాన్ని ఇవ్వాలి, పిల్ల గడ్డలున్న కవరుని అలాగే ఫ్రిజ్‌లో కింది అరలో, 4 నుంచి 5 డిగ్రీల దగ్గర, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచు. ఫ్రీజర్‌లో కాదు. పళ్ళ పక్కన కూడా వద్దు, పండే పళ్ళ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు లోపలున్న మొగ్గని పాడుచేస్తుంది. బయటికి తీసి కుండీలో పెట్టాక మొదట ఒక్క ఆకే వస్తుంది, మొక్క పెరగట్లేదని కంగారు పడకు, ఆ ఏడాదంతా అది గడ్డనే పెంచుకుంటుంది. పువ్వుకి రెండు మూడేళ్ళు.

టైగర్ లిల్లీ ఉంటే ఈ శ్రమేదీ అక్కర్లేదు. కాండం మీద ఆకు చంకల్లో నల్లటి గింజల్లాంటివి వస్తాయి, అవి గింజలు కావు, బుల్లి గడ్డలు. ముట్టుకోగానే రాలే దశలో ఏరి మట్టిలో వేలు గోరంత లోతున పెట్టడమే. మామూలుగా తోటల్లో ఉండే టైగర్ లిల్లీకి రెండు సెట్ల బదులు మూడు సెట్ల క్రోమోజోములు ఉంటాయి, అందువల్ల విత్తనం కట్టదు, ఈ బుల్లి గడ్డలతోనే ఇంత దూరం వచ్చింది.

ప్రశ్న: గ్లాడియోలస్ తవ్వితే గడ్డ కింద ఆవగింజల నుంచి గోళీల దాకా బోలెడు చిన్న ఉండలు. ఇవి విత్తనాలా, చీడా? పాత గడ్డ కూడా అడుగున ఎండి అతుక్కుని ఉంది.

జవాబు: చీడ కాదు, విత్తనం కాదు, పిల్ల గడ్డలు. గ్లాడియోలస్ ఏటా పాత గడ్డని పూర్తిగా తినేసి దాని నెత్తిన కొత్తది కట్టుకుంటుంది, ఆ రెండింటి మధ్య నుంచి ఈ పిల్లలు వస్తాయి. పూలయ్యాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆకులు ఉండనిచ్చి తవ్వండి, గాలి తగిలే నీడలో రెండు మూడు వారాలు ఆరబెట్టండి, అప్పుడు అడుగునున్న ముసలి గడ్డ చేత్తో తిప్పితే ఊడి వస్తుంది, దాన్ని పారేయండి. పిల్లల్ని గాలి ఆడే సంచిలో, పొడిగా, చల్లగా దాచి, వచ్చే సీజన్‌లో నాటే ముందు ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానబెట్టండి. వాటి పెంకు చాలా గట్టిది, నానకపోతే సగం మొలవవు. రెండు మూడు సెంటీమీటర్ల లోతున గీతలు తీసి విత్తితే మొదటి ఏడాది గడ్డి పోచల్లా ఆకు, రెండో ఏడాదో మూడో ఏడాదో పువ్వు. గడ్డల మీద గోధుమరంగు గరుకు మరకలు, జిగట కనిపిస్తే తామర పురుగులు గడ్డతో పాటు నిద్రపోతున్నాయని అర్థం, అలాంటివాటిని మంచివాటితో కలిపి దాచకండి.

ప్రశ్న: డాలియా దుంపలు అయిదు విడదీసి అయిదు కుండీల్లో పెట్టాను. రెండే మొలిచాయి. మిగతా మూడూ రెండు నెలలైనా గట్టిగా, తాజాగా ఉన్నాయి, కానీ మొలక లేదు.

జవాబు: ఎన్నేళ్ళు ఉంచినా రాదండీ. డాలియా దుంపకి సొంతంగా కన్ను ఉండదు. కళ్ళన్నీ పాత కాండం మొదట్లో, దుంప మెడ కాండాన్ని కలిసే చోట ఉంటాయి. దుంపతో పాటు ఆ కాండం చెక్క ఒక్కటి, కనీసం ఒక కన్నుతో, కలిసి రావాలి. మెడ విరిగినా అంతే సంగతి. తవ్విన వెంటనే కళ్ళు కనిపించవు కాబట్టి గుత్తిని గుత్తిగానే చెమ్మ ఇసుకలో పెట్టి, కళ్ళు గులాబీ రంగులో ఉబ్బాక కోస్తే గురి తప్పదు. ఇంకా ఎక్కువ మొక్కలు కావాలంటే ఆ మొలకలు నాలుగు వేళ్ళ ఎత్తు పెరిగాక అడుక్కి కోసి ఇసుకలో గుచ్చండి, డాలియా కొమ్మ చాలా తేలిగ్గా వేళ్ళు పోస్తుంది. దుంప మళ్ళీ మొలకలు వేస్తుంది.

ప్రశ్న: పూలయ్యాక ఆకులు చూడ్డానికి బాగోవు. కోసేయొచ్చా? ముడి వేసి పెట్టొచ్చా?

జవాబు: వద్దు, రెండూ వద్దు. వచ్చే ఏడాది పువ్వు, ఆ పక్కన పుట్టబోయే పిలక, రెండూ ఇప్పుడు ఆ ఆకుల్లోనే తయారవుతున్నాయి. ఆకు పసుపెక్కి, లాగితే తేలిగ్గా ఊడొచ్చేదాకా ఎండా నీళ్ళూ ఇవ్వండి. కుండీ అయితే వెనక్కి జరపండి, నేలలో అయితే ముందు వరసలో ఇంకేదైనా గుబురు మొక్క పెట్టండి.

ప్రశ్న: నా హిప్పియాస్ట్రమ్ ఆకుల మీద లేత పసుపు చారలు, మచ్చలు వచ్చాయి. పువ్వు మాత్రం పూస్తోంది. పిలకలు కూడా అయిదు పెట్టింది. ఎరువు లోపమా? పిలకలు పంచుకోవచ్చా?

జవాబు: ఎరువు లోపమైతే పాత ఆకులో కొత్త ఆకులో మొత్తంగా పాలిపోతాయి. మీరు రాసినట్టు ముదురు లేత పచ్చ కలిసి గళ్ళు గళ్ళుగా, చారలుగా, ప్రతి కొత్త ఆకులోనూ వస్తుంటే అది మొజాయిక్ వైరస్ అయి ఉండటానికే ఎక్కువ అవకాశం. పంచకండి. ఈ మాట రాయడానికి నాకే కష్టంగా ఉంది, ఎందుకంటే అయిదు పిలకలు పెట్టిన మొక్కని పారేయమని చెప్పాలి. కానీ పిలక అంటే తల్లి శరీరంలో ముక్కే, తల్లిలో ఉన్నదంతా దానిలో ఉంటుంది. దీనికి మందు లేదు. పేనుబంక పురుగు ఒక మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే, లేదా మీరు అదే కత్తితో ఇంకో గడ్డ కోస్తే, మీ తోటంతా పాకొచ్చు.

గడ్డ మొక్కల్లో వైరస్ కథ చాలా పాతది. 1630ల్లో హాలండ్‌లో జనం ఎగబడి కొన్న చారల ట్యులిప్‌లు, తెలుపు మీద మంటల్లా ఎర్ర గీతలున్నవి, నిజానికి జబ్బు మొక్కలు. అప్పట్లో ఎవరికీ కారణం తెలియదు, గడ్డ తనంతట తాను "విరిగిందని" అనుకునేవారు, ఆ చారలున్న గడ్డలు తరానికి తరానికి నీరసించి పిల్లల్ని సరిగ్గా పెట్టకపోవడం మాత్రం గమనించారు. 1637లో ఆ బేరాలు కుప్పకూలాయి. ఆ తర్వాత దాదాపు మూడు వందల ఏళ్ళకి, 1928లో, ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ అనే శాస్త్రవేత్త చారల ట్యులిప్ గడ్డ కణజాలాన్ని మామూలు గడ్డకి అంటుకట్టి, చారలు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుతాయని చూపించారు. మీరు పిలక పంచితే జరిగేది కూడా అదే, జబ్బుని చేత్తో అందించడం.

మీ మొక్కని గడ్డతో సహా సంచిలో కట్టి చెత్తలో వేయండి, కంపోస్ట్ గుంతలో కాదు. ఆ రంగు మీద మరీ మమకారం ఉంటే ఒక దారి ఉంది, ఇలాంటి వైరస్‌లు చాలావరకు విత్తనంలోకి వెళ్ళవు, కాబట్టి దాన్ని మిగతావాటికి దూరంగా ఒంటరిగా ఉంచి, పేనుబంక పట్టకుండా చూసి, ఒక్కసారి విత్తనం తీసుకుని ఆ తర్వాత వదిలేయండి. పిల్లలు అచ్చం తల్లిలా ఉండవు, కానీ ఆరోగ్యంగా ఉంటాయి. ఇంకో సంగతి, ఆకు మీదా కాడ మీదా ఎర్రటి మచ్చలుంటే అది వైరస్ కాదు, ఎర్రమచ్చ తెగులు, శిలీంధ్రం. అది బాగుచేసుకోవచ్చు, పైనుంచి నీళ్ళు పోయడం మానేసి, మచ్చ ఉన్న ఆకు తీసేసి, మందు కొట్టండి.

ప్రశ్న: ట్యులిప్, హయసింత్ గడ్డలు మొదటిసారి తెచ్చి పూయించాను. వీటిని కూడా పెంచుకుంటూ పోవచ్చా?

జవాబు: చలికాలం బాగా చల్లగా ఉండే చోట పోవచ్చు. ట్యులిప్ తల్లి గడ్డ ఏటా కరిగిపోయి దాని స్థానంలో పిల్లలు వస్తాయి, వాటికి మళ్ళీ పన్నెండు నుంచి పదహారు వారాల చలి తగలకపోతే ఆకుతో సరిపెడతాయి. వేడి ప్రాంతంలో వీటిని ఒక సీజన్ మొక్కలుగా చూసుకోవడమే మనసుకి హాయి.

హయసింత్ మాత్రం ప్రయోగానికి చాలా అందమైనది. గడ్డని బోర్లించి అడుగు మీద మూడు గీతలు, ఆరు భాగాలయ్యేలా, బిళ్ళ దాటి కొంచెం లోపలికి దిగేలా కోసి, బోర్లించినట్టే పొడి ఇసుక మీద వెచ్చగా ఉంచితే, కోసిన అంచుల వెంట ఇరవై దాకా పిల్లలు పుడతాయి. అవి పూయడానికి మూడు నాలుగేళ్ళు. కోసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకోండి, హయసింత్ గడ్డలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చేతులు దురదపెడతాయి.

ప్రశ్న: అగ్నిశిఖ దుంప ఒకటి తవ్వితే రెండు కాళ్ళలా చీలి ఉంది. మధ్యలో కోసి రెండు మొక్కలు చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. రెండు కొమ్ములు కలిసే చోట విడదీయండి. ఒక్కో కొమ్ముకి ఒక్కటే మొగ్గ, అదీ కొన చివర ఉంటుంది, ఆ కొన విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు. అందుకే తవ్వేటప్పుడు గునపం వాడకుండా చేత్తో మట్టి తీయండి. నాటేటప్పుడు నిలబెట్టకుండా, పడుకోబెట్టి, నాలుగు వేళ్ళ లోతున. దుంపలో కాల్చిసిన్ అనే విషం ఉంది, కొంచెం తిన్నా ప్రాణాపాయం. పిల్లలకీ పెంపుడు జంతువులకీ అందని చోట దాచండి, పేరు రాసి పెట్టండి. హిప్పియాస్ట్రమ్, వాన లిల్లీ గడ్డలు కూడా ఉల్లిపాయల్లా కనిపిస్తాయి, వాటిలోనూ విషం ఉంది, ఎప్పుడూ వంటగదిలో పెట్టకండి.

ప్రశ్న: వాన లిల్లీలు తొట్టెనిండా ఉన్నాయి. రోజూ నీళ్ళు పోస్తున్నా పూలు మాత్రం తగ్గిపోయాయి.

జవాబు: రోజూ పోయడమే కారణం. రెండు మూడు వారాలు మట్టిని బాగా ఎండనిచ్చి ఒక్కసారిగా నిండా తడపండి, వారం తిరక్కుండా మొగ్గలు లేస్తాయి. విడదీయాలనుకుంటే ఒక్కొక్కటిగా కాకుండా అయిదారు గడ్డలు ఒక గుత్తిగా నాటండి, త్వరగా కుదురుకుంటాయి. నల్ల గింజలు కాస్తే ఆలస్యం చేయకుండా అదే వారంలో చల్లండి, పాతబడితే మొలవవు.

ప్రశ్న: నా హిప్పియాస్ట్రమ్‌కి పువ్వు వాడాక పచ్చ కాయ కాసింది. దాన్ని ఉంచనా, కోసేయనా? విత్తనం నుంచి పువ్వుకి నాలుగేళ్ళు అంటున్నారు. నాకు డెబ్బై దాటాయి, ఇప్పుడు మొదలుపెట్టడం ఎందుకు అంటున్నారు ఇంట్లో.

జవాబు: ఉంచండి. మొదలుపెట్టండి. విత్తనం మొక్క పువ్వు పూసేదాకా ఖాళీగా ఉండదు, మొదటి నెల నుంచే చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది.

కాయ నాలుగు నుంచి ఆరు వారాల్లో పసుపెక్కి మూడు పలకలుగా పగులుతుంది. పగలగానే కోయండి, లేకపోతే గాలికి పోతాయి. లోపల నల్లటి కాగితం ముక్కల్లాంటి గింజలు దొంతరగా ఉంటాయి. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి, మధ్యలో ఉబ్బుగా తగిలేవే పనికొస్తాయి, మిగతావి తాలు. వాటిని ఒక గిన్నెలో నీళ్ళ మీద తేలేలా చల్లి కిటికీ దగ్గర పెట్టండి, రెండు మూడు రోజులకోసారి నీళ్ళు మార్చండి. ఒకటి నుంచి మూడు వారాల్లో ప్రతి గింజ నుంచి తెల్లటి వేరు కిందికి దిగుతుంది, ఆ తర్వాత సన్నటి ఆకు. అది చూడటం నాకు ఇప్పటికీ పువ్వు చూసినంత ఇష్టం. వేరు వేలి కణుపంత అయ్యాక ఇసుక కలిసిన మట్టిలో, గింజ పైకి కనబడేలా నాటండి.

పెద్ద గడ్డలకి ఇచ్చినట్టు వీటికి నిద్ర ఇవ్వకండి. మొదటి రెండేళ్ళు ఏ సీజన్‌లోనూ నీళ్ళు పూర్తిగా ఆపకుండా, ఉదయపు ఎండ తగిలే చోట, పదిహేను రోజులకోసారి పలచగా ద్రవ ఎరువు ఇస్తూ ఆకుల్ని నిలబెడితే మూడో ఏడాదికే పూసినవి నేను చూశాను. ఒక్కో మొక్క ఒక్కోలా పూస్తుంది, తల్లిలా ఉంటుందని అనుకోవద్దు, రంగు మారొచ్చు, రేకు వెడల్పు మారొచ్చు. అందుకే ప్రతి కుండీకి చీటీ గుచ్చి తల్లి రంగు, విత్తిన తేదీ రాయండి, పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది.